ఉతుక్కునే కవర్లున్న మాడ్యులర్ సోఫా: నల్గొండలో కొనాలా, చేయించుకోవాలా?

రామగిరి టీచర్ (ఆదివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మాది నల్గొండ, రామగిరి దగ్గర అద్దె ఇల్లు. నేను, మా ఆయన, ఆరేళ్ల పాప, మూడేళ్ల బాబు, మా మామయ్య, మొత్తం ఐదుగురం. మామయ్యకు రెండు మోకాళ్లూ అరిగాయి. కింద కూర్చోలేరు, పొద్దంతా సోఫానే ఆయనకు దిక్కు. బాబుకి ఇంకా పక్క తడిపే అలవాటు పోలేదు. మధ్యాహ్నం టీవీ చూస్తూ సోఫాలోనే నిద్రపోతాడు. ఇక మీకే అర్థమై ఉంటుంది.

నాలుగేళ్ల కింద ఇక్కడే ఒక షాపులో ఎల్ సోఫా తీసుకున్నాం. లేత గంధం రంగు. ఉతకొచ్చా అని రెండుసార్లు అడిగాను. "జిప్పు ఉంది కదా మేడమ్, ఎందుకు ఉతకరాదు" అన్నారు. మొదటిసారి ఉతికిన రోజు ఇప్పటికీ గుర్తుంది. కవరు లోపలి వైపు తెల్లటి పూత ఒకటి ఉండేది. అది పొట్టు పొట్టుగా రాలి బకెట్ అడుగున చేరింది. ఆరాక స్పాంజికి తొడగబోతే మూలలు దిగలేదు. మా ఆయన ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని లాగితే జిప్పు పక్కన కుట్టు పటపటా తెగిపోయింది. షాపుకి తీసుకెళ్తే "ఇది డ్రై క్లీనింగ్ బట్ట" అన్నారు. అప్పటి నుంచి మీద దుప్పటి పరిచి వాడుతున్నాం. దుప్పటి గంటకోసారి జారుతుంది, వాసన మాత్రం దుప్పటికి ఆగదు. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే నాకు టెన్షన్.

ఈసారి విడి విడి సీట్లుగా ఉండి, కలిపితే ఎల్ అయ్యే మాడ్యులర్ సోఫా తీసుకుందాం అనుకుంటున్నాం. నాకు ట్రాన్స్‌ఫర్ అయితే కొత్త ఇంటి హాలు ఎలా ఉంటుందో తెలియదు కదా. ఇప్పటి హాలు 11 అడుగులు, 14 అడుగులు. బడ్జెట్ 60 వేలు. కవర్లు నిజంగా ఇంట్లో ఉతుక్కోగలగాలి, అదే ముఖ్యం. రెడీమేడ్ కొనాలా, కూర్చుని చేయించుకోవాలా? ఈ దారిలో నడిచిన వాళ్లు చెప్పండి.

వనపర్తి వదిన (ఆదివారం, రాత్రి 10:15)

చెల్లే, రెండు జతల కవర్లు ముందే చేయించుకో. నేను ఒక్క జతే తీసుకుని తప్పు చేశాను. శ్రావణంలో ముసురు పట్టి రెండు రోజులు ఆరలేదు. ఆ రెండు రోజులూ పిల్లలు ఉత్త స్పాంజి మీద కూర్చున్నారు. ఆ మరకలు కవరు మీద కాదు, స్పాంజిలోకే దిగాయి.

జడ్చర్ల అన్న (సోమవారం, ఉదయం 6:50)

ఇంత ఆలోచన ఎందుకమ్మా, మంచి రెగ్జిన్ వేయించండి. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఉతికే పనే లేదు.

మిర్యాలగూడ అక్క (సోమవారం, ఉదయం 7:30)

అన్నా, మే నెలలో మీ రెగ్జిన్ సోఫా మీద చొక్కా లేకుండా మధ్యాహ్నం అరగంట కూర్చోండి, లేచేటప్పుడు తెలుస్తుంది. మా ఇంట్లో ఉండేది. మూడో ఏడు నుంచి పొరలు లేచింది. నల్లటి పొట్టు పిల్లల తొడలకి, చీరలకి అంటుకునేది. పైన తుడిస్తే పోయేది నిజమే, కానీ కుట్టు సందుల్లోకి దిగిన తడి ఎటు పోతుంది? మా అత్తమ్మ మంచాన పడ్డ ఏడాది అదే జరిగింది. మీద శుభ్రంగా మెరుస్తుంది, లోపల ఫోమ్ కుళ్లిన వాసన.

సూర్యాపేట సోఫాపని (సోమవారం, మధ్యాహ్నం 1:20)

మేడమ్, నేను సోఫా పని చేస్తాను, ఇరవై ఏళ్లు దాటింది. మీకు జరిగింది చాలా ఇళ్లలో జరిగింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

జిప్పు ఉంటే ఉతకొచ్చు అనుకోవడం దగ్గరే తేడా వస్తుంది. మేము దిండుకి జిప్పు వేసేది ఫోమ్‌ని లోపలికి ఎక్కించడానికి. జిప్పు లేకపోతే చివరి వైపు చేతికుట్టు వేయాలి, దానికి టైమ్ పడుతుంది. అందుకని ఉతకకూడని బట్టకి కూడా జిప్పు ఉంటుంది. ఇక ఆ తెల్లపూత సంగతి. సోఫా బట్టల్లో చాలావాటికి వెనక రబ్బరులాంటి పూత వేస్తారు. నేత కదలకుండా, కుట్టు దగ్గర పోగులు విచ్చుకోకుండా పట్టి ఉంచడానికి. నీళ్లలో నానబెట్టి రుద్దితే అది పగిలి రాలిపోతుంది. పూత పోయాక బట్టకి బలం తగ్గుతుంది. మీ జిప్పు పక్కన తెగింది అందుకే. మీరు గట్టిగా లాగినందుకు కాదు.

రెడీమేడ్ చూస్తుంటే కవరు లోపల కుట్టులో ఉండే చిన్న లేబుల్ తిప్పి చూడండి. నీళ్ల తొట్టి బొమ్మ, అందులో 30 అనో 40 అనో అంకె ఉంటే అన్ని డిగ్రీల వేడి దాకా నీళ్లలో ఉతకొచ్చు. తొట్టిలో చెయ్యి బొమ్మ ఉంటే చేత్తోనే ఉతకాలి. తొట్టి మీద ఇంటూ గుర్తు ఉంటే నీళ్లు పనికిరావు. సున్నాలో 'పి' అక్షరం ఉంటే డ్రై క్లీనింగ్. లేబులే లేదంటే, ఉతకొచ్చని బిల్లు మీద రాసి ఇమ్మనండి. రాసివ్వడానికి వెనకాడితే మీకు సమాధానం దొరికినట్టే.

ఇంకొకటి చాలామంది అడగరు. ఏ ఏ కవర్లు వస్తాయి? చాలా సోఫాల్లో సీటు దిండ్లు, వీపు దిండ్లవి మాత్రమే వస్తాయి. చేతులు, వెనక భాగం, కింద చట్రం మీది బట్ట పిన్నులు కొట్టి ఉంటుంది. మీ ఇంట్లో చిన్నపిల్లాడు ఉన్నాడు, తడి దిండు మీద ఆగదు, దిండు కిందికి జారి చట్రం మీద పడుతుంది. కాబట్టి చట్రం మీది బట్ట, చేతుల బట్ట కూడా వెల్క్రోతో ఊడి వచ్చేలా ఉండాలి.

డబ్బు కట్టేముందు ఒక సీటు కవరు మీ ముందే విప్పి, మళ్లీ తొడగమనండి. తర్వాత మీరు తొడగండి. షాపు కుర్రాడికి ఐదు నిమిషాలు పట్టి, మీకు చెమటలు పడితే ఆ సోఫా కవర్లు ఏడాదికి ఒకసారి కూడా ఉతకరు. జిప్పు వెనక వైపు మాత్రమే ఉంటే నోరు ఇరుకు. వెనక అంతా వచ్చి, రెండు పక్కలకీ నాలుగైదు అంగుళాలు తిరిగితే దిండు సులువుగా దిగుతుంది.

రామగిరి టీచర్ (సోమవారం, రాత్రి 8:55)

అన్నా, చాలా థాంక్స్. "చట్రం మీది బట్ట" చదివాక వెళ్లి మా పాత సోఫా దిండ్లు ఎత్తి చూశాను. మీరు చెప్పినట్టే అక్కడ బట్ట మీద గోధుమ రంగు చారలు, ఒక పలక ముక్క, రెండు రూపాయల బిళ్ల. వాసన దిండ్లది అనుకున్నాను ఇన్నాళ్లూ, అసలు వాసన అక్కడి నుంచి వస్తోంది.

ఫోమ్ సంగతి కూడా చెప్పండి. షాపులో అందరూ "40 డెన్సిటీ మేడమ్" అంటారు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది? మామయ్యకు ఎంత ఎత్తు ఉండాలి?

సూర్యాపేట సోఫాపని (మంగళవారం, ఉదయం 11:05)

తూకం వేయండి మేడమ్. 40 డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ 40 కిలోలు తూగుతుందని. ఆ లెక్కన 24 అంగుళాల పొడవు, 24 వెడల్పు, 5 మందం ఉన్న సీటు ముక్క కవరు లేకుండా 40 అయితే సుమారు కిలో 900 గ్రాములు ఉండాలి. 32 అయితే కిలోన్నర. 23 అయితే కిలో 100 గ్రాముల దగ్గర ఉంటుంది. పక్క కిరాణా కొట్టులో తూకం ఉంటుంది కదా, తీసుకెళ్లి పెట్టండి. నిజాయితీగా పనిచేసే వాడు ఏమీ అనుకోడు.

ఒక జాగ్రత్త. ముక్కలు అతికించి చేసే రీబాండెడ్ ఫోమ్ ఇంకా బరువు ఉంటుంది. కోసిన వైపు చూస్తే రంగు రంగుల తునకలు కనిపిస్తాయి. అది అడుగున పొరగా పనికొస్తుంది, సీటు మొత్తం అదే అయితే బండ మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఇంకో మాట, డెన్సిటీ వేరు, గట్టితనం వేరు. డెన్సిటీ ఎక్కువ ఉంటే ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది. మెత్తగా ఉందా గట్టిగా ఉందా అనేది కూర్చుంటేనే తెలుస్తుంది. రోజంతా వాడే సీటుకు 32కి తగ్గొద్దు, 40 అయితే మేలు. వీపు దిండ్లకు అంత అవసరం లేదు.

పెద్దాయనకు కూర్చున్నాక 18 అంగుళాలు నిలవాలి. ఖాళీగా ఉన్నప్పుడు కొలిస్తే లాభం లేదు, మెత్తటి ఫోమ్ రెండు అంగుళాలు దిగిపోతుంది. లోతు 20, 21 అంగుళాలు చాలు. ఇప్పుడు ఫ్యాషన్‌గా వచ్చే 26 అంగుళాల లోతు సీట్లలో వీపు ఆనదు, లేవాలంటే ముందుకి జరిగి జరిగి రావాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి అది శిక్షే. ఆయన కూర్చునే పక్కన గట్టి చెయ్యి ఉండాలి, ఒత్తి లేవడానికి.

పాలమూరు పిల్లగాడు (మంగళవారం, రాత్రి 11:30)

అక్కా, మాడ్యులర్ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. మహబూబ్‌నగర్‌లో నేను మూడు ఇళ్లు మారాను, రెండోది మూడో అంతస్తు. అంతకు ముందున్న సోఫా మెట్ల మలుపులో తిరగక తాళ్లు కట్టి బాల్కనీ నుంచి లాగాం. విడి సీట్లు అయితే ఇద్దరు మనుషులు, పావుగంట.

నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్తాను. కాళ్లు చాపుకునే పొడుగు సీటు కుడి వైపు కావాలని ఫోన్‌లో చెప్పాను. నేను సోఫాలో కూర్చుంటే నా కుడి. వాళ్లు సోఫా ఎదురుగా నిలబడి చూస్తే కుడి అనుకున్నారు. సోఫా వచ్చింది, పొడుగు సీటు సరిగ్గా దేవుడి గది తలుపుకి అడ్డం. ఏడాదిన్నర తలుపు ఒంటి రెక్కే తెరుచుకుని పూజ చేసింది మా అమ్మ. హాలు బొమ్మ కాగితం మీద గీసి, తలుపులు, కిటికీలు, కూలర్ ఎక్కడో చూపించి వాళ్లకి పంపండి. ఇంకా మంచిది, పొడుగు సీటు వద్దే వద్దు. అదే ఎత్తులో విడిగా ఒక చదరపు స్టూలు తీసుకోండి. ఏ సీటు ముందు పెడితే అటు ఎల్ అవుతుంది. చుట్టాలు వస్తే అదే ఇంకో కుర్చీ.

సీట్ల కింద కలిపే క్లిప్పులు ఉన్నాయో లేదో చూడండి. మాకు మొదట లేవు. టైల్స్ మీద ఒక్కో సీటు ఒక్కో దిక్కు పోయేది.

జడ్చర్ల అన్న (బుధవారం, ఉదయం 7:10)

మిర్యాలగూడ చెల్లెమ్మ చెప్పింది నిజమే. మా రెగ్జిన్ కొత్తది, ఇంకా ఎండాకాలం చూడలేదు. టీచరమ్మా, నా సలహా పక్కన పెట్టండి.

మిర్యాలగూడ అక్క (బుధవారం, ఉదయం 9:00)

అన్నా, మీ మాట మంచికే చెప్పారు.

టీచర్ గారూ, రంగు గురించి ఎవరూ చెప్పలేదు. మా ఇల్లు మిల్లుల వైపు, కిటికీ తీస్తే ఊక బూడిద నల్లగా వచ్చి పడుతుంది. లేత రంగు వారానికే మాసిపోతుంది. అలాగని కటిక నలుపు, ముదురు నీలం తీసుకుంటే దుమ్ము తెల్లగా కనబడుతుంది. మన ఎర్రమట్టి నేలల్లో ఇటుక రంగు, బెల్లం రంగు, పాచి ఆకుపచ్చ నయం. రెండు రంగుల పోగులు కలిసిన నేత అయితే ఇంకా మంచిది.

కవర్లలో ముందు మాసేది సీటు కాదు, తల ఆనించే చోటు. కొబ్బరినూనె. పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో నెల తిరక్కుండానే గుండ్రంగా మరక పడుతుంది, దానికి దుమ్ము అంటి నల్లబడుతుంది. వీపు దిండ్ల పైకొస మీద విడిగా ఒక పట్టీ కుట్టించుకుని వెల్క్రోతో అంటించండి. నేను వారానికోసారి అవి మాత్రమే తీసి ఉతుకుతాను, పెద్ద కవర్ల జోలికి రెండు నెలలకోసారి పోతాను.

బాబు కోసం సీటు కవరు కింద, ఫోమ్ మీద ఇంకో లోపలి కవరు ఉండాలి. పరుపులకి వేసే వాటర్‌ప్రూఫ్ ప్రొటెక్టర్ వస్తుంది చూడండి, పైన మెత్తటి బట్ట, కింద సన్నటి పొర ఉన్నది. దాన్ని కోసి సీటు సైజుకి కుట్టించాను. మెడికల్ షాపు రబ్బరు షీటు వేయకండి. వేడి, పైగా కదిలినప్పుడల్లా చప్పుడు.

పాలమూరు పిల్లగాడు (బుధవారం, ఉదయం 9:20)

మన దగ్గర ఫ్లోరైడ్ నీళ్లు కదా, వాటితో ఉతికితే కవర్లు గట్టిపడి తెల్లచారలు పడతాయి. ఏం చేయాలి?

దేవరకొండ కెమిస్ట్రీ సార్ (బుధవారం, సాయంత్రం 5:45)

తమ్ముడూ, ఆ తెల్లచారలకు ఫ్లోరైడ్ కారణం కాదు. నల్గొండకి ఫ్లోరైడ్ పేరు ఎంత గట్టిగా అంటుకుందంటే నీళ్లలో ఏ దోషం ఉన్నా దాని ఖాతాలోనే వేస్తున్నాం. ఫ్లోరైడ్ దెబ్బ పళ్లకీ ఎముకలకీ. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో దాని హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా. బట్టలు గరుకెక్కడానికి కారణం కాల్షియం, మెగ్నీషియం లవణాలు, అంటే నీటి కాఠిన్యం. దానికి అదే ప్రమాణంలో హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600. మన బోర్లలో చాలాచోట్ల ఈ రెండూ కలిసి ఉండటం వల్ల ఒకటే అనిపిస్తుంది.

కాబట్టి సోఫా కవర్లకు సబ్బు బిళ్ల వాడకండి. సబ్బు కాఠిన్యంతో కలిసి జిడ్డు తెట్టు అవుతుంది, దళసరి బట్ట పోగుల్లో ఇరుక్కుంటుంది. ఆ తెట్టే ఆరాక తెల్లచార. డిటర్జెంటు నయం, లిక్విడ్ అయితే పొడి అవశేషం ఉండదు. బోరు నీళ్లే గతి అయితే నానబెట్టే నీళ్లలో ముందే కొంచెం చాకలి సోడా కరిగిస్తే కాల్షియం అడుగుకి దిగుతుంది. రంగు బట్టకి మాత్రం సోడా మోతాదు తక్కువే ఉండాలి. ఉతకడం బోరు నీళ్లతో చేసినా చివరి జాడింపు మిషన్ భగీరథ నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లతో చేయండి. కృష్ణా నీళ్లకీ బోరు నీళ్లకీ తేడా చేతికే తెలుస్తుంది.

ఇంకో మాట, మన ఇళ్లలో పసుపు మరక తప్పదు. డిటర్జెంటు తగలగానే అది ఎర్రగా మారుతుంది, చాలామంది కంగారుపడి ఇంకా రుద్దుతారు. పసుపు క్షారంలో ఎరుపెక్కుతుంది, అంతే. పసుపులో సున్నం కలిపి కుంకుమ చేసేది ఆ గుణంతోనే. బాగా జాడించి ఎండలో ఆరేయండి. పసుపు రంగు వెలుగుకి నిలవదు, రెండు మూడు ఎండలకి మసకబారి పోతుంది. మిగతా అన్నింటికీ కవర్లు తిరగేసి నీడపట్టున ఆరేయడం మంచిది, పసుపు మరకకు మాత్రం ఎండే మందు. ఫోమ్‌ని మాత్రం ఎండలో ఎక్కువసేపు ఉంచొద్దు, పసుపుపచ్చగా మారి పెళుసెక్కుతుంది. గాలి తగిలే నీడలో నిలబెట్టండి.

రామగిరి టీచర్ (బుధవారం, రాత్రి 9:30)

సార్, నేను పిల్లలకు తెలుగు చెప్తాను కానీ ఈ పాఠం రేపు మా స్కూల్లో కూడా చెప్తాను.

ఇంకో సందేహం. నాకు ఇక్కత్ అంటే ప్రాణం. సీటు కవర్లు ఇక్కత్ బట్టతో కుట్టిస్తే ఆగుతాయా?

కొయ్యలగూడెం మగ్గం (గురువారం, రాత్రి 10:10)

అమ్మా, మాది చౌటుప్పల్ దగ్గర కొయ్యలగూడెం. 2016లో జిల్లాలు విడిపోకముందు మేమూ నల్గొండ వాళ్లమే. మా ఊళ్లో దుప్పట్లు, కర్టెన్లు, దిండు గలీబులు నేస్తాం. ఇక్కత్ మీద ప్రేమతో అడిగారు కాబట్టి ఉన్నమాట చెప్తాను.

మా దుప్పటి బట్ట సీటుకి చాలదు. పడుకునే బట్ట అది, దాని మీద మనిషి కూర్చుని లేస్తూ రోజుకి పదిసార్లు రాపిడి పెట్టే పని వేరు. ఏడాదికి పోగులు సన్నబడి మోకాలి దగ్గర చినుగుతుంది. సీటుకి దళసరి కాన్వాస్ గానీ, కాటన్ పాలిస్టర్ కలిసిన సోఫా బట్ట గానీ, వెనక పూత లేనిది తీసుకోండి. ఇక్కత్‌ని వీపు దిండ్లకీ, పైన అక్క చెప్పిన తల పట్టీలకీ వాడండి. ఆ పట్టీలకైతే మా బట్ట సరిగ్గా సరిపోతుంది. ఎందుకంటే ఇక్కత్‌లో పోగుకి చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట బిగించి కట్టి, రంగు వేశాకే నేస్తాం, అచ్చు వేసేది కాదు. రెండు వైపులా ఒకే బొమ్మ ఉంటుంది. ఒకవైపు మాస్తే తిప్పి వేసుకోవచ్చు.

కొనేటప్పుడు తెల్లటి తడిగుడ్డతో ముదురు రంగు మీద పదిసార్లు గట్టిగా రుద్దండి. రంగు దిగితే లేత సోఫా మీద పెట్టొద్దు. ఏ నూలు బట్ట అయినా కత్తిరించకముందు ఒక రాత్రి నానబెట్టి ఆరబెట్టండి. నూటికి నాలుగు వంతులు కుంచించుకుపోతే 25 అంగుళాల గుడ్డ ఒక అంగుళం పోయినట్టే. మీ పాత కవరు మూలలు దిగకపోవడానికి అదీ ఒక కారణం అయి ఉంటుంది.

సూర్యాపేట సోఫాపని (శుక్రవారం, ఉదయం 8:15)

మగ్గం అన్న చెప్పింది నూటికి నూరు నిజం. మా పనివాళ్లలో చాలామంది బట్ట నానబెట్టరు, టైమ్ లేదంటారు. మీరే బట్ట కొని, నానబెట్టి, ఇస్త్రీ చేసి చేతికివ్వండి. 54 అంగుళాల పన్నా బట్ట అయితే ఒక సీటు దిండుకి మీటరు కొద్దిగా పైన పడుతుంది.

రెడీమేడ్ తీసుకోవాలనుకుంటే హైదరాబాద్‌లో 2018లో తెరిచిన ఐకియాకి ఒకసారి వెళ్లిరండి. కొన్ని మోడళ్లకి కవర్లు విడిగా అమ్ముతారు, లేబుళ్లు స్పష్టంగా ఉంటాయి. కొనకపోయినా కవరు ఎలా ఊడుతుందో, చట్రం మీద వెల్క్రో ఎలా వేశారో చూసి వస్తే మీ పనివాడికి చెప్పడం సులువు. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని తెల్ల కాగితం మీద రాయించుకుంటే రేపు గొడవ వచ్చినప్పుడు చేతిలో ఏమీ ఉండదు.

దేవరకొండ కెమిస్ట్రీ సార్ (శుక్రవారం, ఉదయం 8:40)

బిల్లు ఉంటే 1915కి ఫోన్ చేయొచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడతారు.

రామగిరి టీచర్ (ఐదు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:20)

అందరికీ చెప్పాల్సిన బాకీ ఉంది. సోఫా వచ్చి పదిహేను రోజులైంది, నిన్న మొదటి ఉతుకు కూడా అయింది.

చివరికి చేయించుకున్నాం. నాలుగు సీట్లు, అందులో ఒకటి మూల సీటు, విడిగా ఒక చదరపు స్టూలు. చట్రం వేప చెక్క. ఫోమ్ నేనే పక్క కొట్టు తూకం మీద పెట్టించాను. మొదట తెచ్చిన ముక్క కిలో 300 తూగింది. పనివాడు మారుమాట్లాడకుండా వెనక్కి పంపి వేరేది తెప్పించాడు, అది కిలో 880. ఆ రోజు నాకు కలిగిన ధైర్యం ఈ చర్చ నుంచే వచ్చింది.

మామయ్య సీటు గురించి చాలా ఆలోచించాం. ఆ ఒక్క సీటుకి కాళ్లు పొడుగు పెడితే పక్క సీటుతో క్లిప్పు కలవదు. అందుకని చట్రం అన్నింటికీ ఒకటే ఉంచి ఆయన సీటులో 6 అంగుళాల గట్టి ఫోమ్ వేయించాం, మిగతావి 5. కుడి పక్కన వెడల్పు చెక్క చెయ్యి, బట్ట లేకుండా. మొదటి రోజు ఆయన కూర్చుని, చెయ్యి మీద అరచేయి ఆనించి, ఎవరినీ పిలవకుండా లేచారు. మళ్లీ కూర్చున్నారు, మళ్లీ లేచారు. ఏమీ అనలేదు. నేను వంటింట్లోంచి చూస్తూ నిలబడిపోయాను.

బట్ట ఇటుక రంగు, కాటన్ పాలిస్టర్, పూత లేనిది. మొత్తం 14 మీటర్లు పట్టింది. రెండో జత అన్నింటికీ కాకుండా సీట్లకీ స్టూలుకీ మాత్రమే కుట్టించాం, ఇంకో 6 మీటర్లు. తల పట్టీలు కొయ్యలగూడెం ఇక్కత్. మొత్తం కలిపి 60 వేలు కొంచెం దాటింది, దాటిన దాంట్లో ఎక్కువ రెండో జతదే. దానికి నాకు బాధ లేదు.

ఉతుకు సంగతి. మా మిషన్ 7 కిలోలది, ఒకసారికి రెండు సీటు కవర్లే వేశాను. జిప్పులు మూసి, తిరగేసి, చల్లనీళ్లు. నల్లా వచ్చే టైమ్ చూసుకుని చివరి జాడింపు భగీరథ నీళ్లతో. డాబా మీద నీడలో వేస్తే పొద్దున వేసినవి మూడింటికల్లా ఆరాయి. కొంచెం చెమ్మ ఉండగానే తొడిగాను, ముడతలు లేకుండా కూర్చుంది. ఒక్కో కవరు తొడగడానికి మూడు నిమిషాలు, నేను ఒక్కదాన్నే.

ఒక పొరపాటు మాత్రం జరిగింది. మామయ్య సీటు కవరు అంగుళం ఎత్తు ఎక్కువ, మూల సీటుది అర అంగుళం తేడా. ఆరేశాక అన్నీ ఒకేలా ఉన్నాయి. తప్పు కవరు తొడిగి, మళ్లీ విప్పి, అరగంట పోయింది. రాత్రి కూర్చుని ప్రతి కవరు లోపలి మూలకి ఎర్రదారంతో ముళ్లు వేశాను. మామయ్యది ఒక ముడి, మూలది రెండు, మిగతావి మూడు. ఫోమ్ లోపలి కవర్ల మీద కూడా అవే ముళ్లు.

మిర్యాలగూడ అక్క (ఆదివారం, రాత్రి 7:05)

ముళ్ల ఆలోచన బాగుంది. ఈ రాత్రే నేనూ వేస్తాను. బాబు సంగతేంటి?

రామగిరి టీచర్ (ఆదివారం, రాత్రి 7:30)

రెండుసార్లు తడిపాడు అక్కా. మీరు చెప్పిన ప్రొటెక్టర్ బట్టే లోపల కుట్టించాను. ఫోమ్‌కి చుక్క తగల్లేదు. పై కవరు తీసి, రెండోది తొడిగి, వాణ్ని మళ్లీ పడుకోబెట్టాను. వాడికి మెలకువే రాలేదు.

పాలమూరు పిల్లగాడు (ఆదివారం, రాత్రి 8:10)

అక్కా, జారుతున్నాయా సీట్లు?

రామగిరి టీచర్ (ఆదివారం, రాత్రి 8:25)

మా హాల్లో తాండూరు బండలు, బాగా నున్నగా అరిగినవి. మొదటి రెండు రోజులు జారాయి. క్లిప్పులు వేసి, గోడకి ఆనే వెనక కాళ్లకి రబ్బరు బిళ్లలు అంటించాక ఆగాయి. స్టూలుకి మాత్రం కావాలనే అంటించలేదు, పాప దాన్ని నెట్టుకుంటూ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి హోంవర్క్ చేసుకుంటుంది.

వనపర్తి వదిన (ఆదివారం, రాత్రి 9:50)

చెల్లే, నేనూ సీట్లకి రెండో జత కుట్టించబోతున్నా. జిప్పు ఎంత పొడుగు తీసుకున్నావు? మా టైలరు 24 చాలంటున్నాడు.

రామగిరి టీచర్ (ఆదివారం, రాత్రి 10:05)

వద్దు వదినా, 24 అయితే వెనక వైపుకే సరిపోతుంది. 34 తీసుకో. వెనక 24, రెండు పక్కలకీ ఐదేసి. ఇనుప పళ్లది కాకుండా నైలాన్‌ది అడుగు, తుప్పు పట్టదు. బట్ట నానబెట్టాకే కొలత ఇవ్వు. రేపు బడి నుంచి వచ్చాక మా కవరు తిరగేసి ఫొటో పెడతాను, అది మీ టైలరుకి చూపించు.